చెవితో చూసిన పాకం

వంటింట్లోంచి బెల్లం పాకం వాసన హాల్లోకి వస్తోంది. మా అమ్మాయి గౌరి అరిసెలకని పాకం పెట్టి, ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఎవరితోనో మాట్లాడుతోంది. బయట రోడ్డు మీద షేర్ ఆటోల వాళ్ళు నాతవరం, నాతవరం అని గొంతులు చించుకుంటున్నారు. నా ముందు బల్ల మీద ఒక కాగితం ఉంది. గౌరి కొడుకు తరుణ్‌కి మొన్న విశాఖపట్నంలో కంటి పరీక్ష చేసి ఇచ్చిన కాగితం అది. దాని మీద రెండు గీతలున్నాయి. ఒకటి మన్యం కొండల వరసలా లేస్తూ దిగుతూ పోయింది. రెండోది నిద్రపోతున్నవాడిలా చదునుగా పడుకుని ఉంది.

తరుణ్‌కి ఎరుపూ ఆకుపచ్చా విడివిడిగా తెలియవు. నాకూ తెలియవు. నా నుంచి గౌరికి, గౌరి నుంచి వాడికి వచ్చింది. గౌరికి మాత్రం అన్ని రంగులూ శుభ్రంగా కనిపిస్తాయి, మధ్యలో మోసుకొచ్చిందంతే. వాడు సముద్రం వైపు ఏదో ఫ్యాక్టరీలో వైర్లు కలిపే ఉద్యోగం అడగడానికి వెళ్ళాడు. మొదటిసారి, అంకెలు దాచిన రంగు చుక్కల పుస్తకం చూపిస్తే గడగడా అంకెలు చదివేశాడు, ఫోనులో ఆ పేజీలన్నీ బట్టీ పట్టి వెళ్ళాడు కనక. రెండోసారి పేజీలు తారుమారు చేసి చూపిస్తే దొరికిపోయాడు. సంగతేమిటో తేల్చుకురమ్మని విశాఖపట్నం పంపారు. అక్కడ కళ్ళ కింద చిన్న తీగలు అంటించి, గిన్నెలాంటి దాంట్లోకి చూడమని, దీపాలు మార్చి మార్చి మినుకుమినుకుమనిపించారట. "నువ్వేం చెప్పక్కర్లేదు, చూస్తూ కూర్చో చాలు" అందట అక్కడి అమ్మాయి. కన్ను ఏది పట్టుకుందో ఏది వదిలేసిందో యంత్రమే గీసుకుంటూ పోయింది.

ఇంట్లో అందరూ ఎంత గొప్ప యంత్రమో అనుకున్నారు. నాకు మాత్రం ఆ అమ్మాయి అన్న మాట కొత్తగా అనిపించలేదు. అరవై ఏళ్ళు దాటింది, పొలం గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక మనిషి నాతో ఇదే మాట అన్నాడు. ఆయన మా అమ్మ తమ్ముడు, సన్నాసి మావయ్య.

నర్సీపట్నం నుంచి రోలుగుంట వెళ్ళే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే మా ఊరు. వరి, చెరుకు, మెట్ట మీద జీడితోటలు. వేసవి చివర్న జీడిపళ్ళు కోసి ఉప్పు రాసి తింటే నాలుక మొద్దుబారేది, చొక్కాలకు ఆ మరకలు పడితే చిరిగేదాకా పోయేవి కావు. ఆ ఎండలన్నీ అయ్యాక, ఆరుద్ర కార్తెలో ఒక మధ్యాహ్నం కొండల మీంచి నల్లగా కమ్ముకొచ్చి వాన కొట్టి వెలిసేది. నేలలోంచి ఆ వేడి వాసన లేస్తుండగానే ఊళ్ళో పిల్లలందరూ ఖాళీ అగ్గిపెట్టెలు పట్టుకుని గట్ల మీదకు పరిగెత్తేవారు, ఆరుద్ర పురుగుల కోసం. ఎర్ర మఖమల్ గుడ్డని గోరంత ముక్క కత్తిరించి కాళ్ళు పెట్టినట్టుంటాయని చెప్పేవారు. అరచేతిలో వేసుకుంటే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు నటిస్తాయి. అగ్గిపెట్టెలో నాలుగు గడ్డిపరకలు వేసి, పురుగుల్ని పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్ళం. ఎవరి పెట్టెలో ఎక్కువుంటే వాడు ఆ వారానికి దొర.

నా పెట్టె ఎప్పుడూ ఖాళీయే. పచ్చగడ్డిలో ఎర్రపురుగు కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని అందరూ అనేవారు. నాకు ఏదీ కొట్టొచ్చేది కాదు. గడ్డీ పురుగూ తడిమట్టీ అంతా ఒకే బూడిద కలిసిన గోధుమ రంగు. పురుగు కదిలితే తప్ప నా దృష్టికి ఆనేది కాదు. "ఒరే నూకరాజా, కాలి కింద పెట్టీసుకున్నావురా! గుడ్డోడా!" అని పిల్లలు నవ్వేవారు. నేను ఏడుపు ఆపుకుని, నాకు పురుగులంటే అసహ్యమని బొంకేవాణ్ణి.

బడిలో ఇంకా ఘోరం. మా మాస్టారు చాక్‌పీసుతో చిలక బొమ్మ గీసి, తరగతి మొత్తానికీ ఉన్న ఒక్క రంగు పెన్సిళ్ళ పెట్టెనీ వంతులవారీగా ఇచ్చి రంగులు వేయమనేవారు. నా వంతు వచ్చింది. ఒళ్ళంతా ఎరుపూ, ముక్కు ఆకుపచ్చా వేసి ఇచ్చాను. తరగతి గొల్లుమంది. వెక్కిరించానని మాస్టారు అనుకున్నారు. ఆకు చూపించి, ఇదేం రంగురా అన్నారు. ఆకుపచ్చండీ అన్నాను. ఆకు ఆకుపచ్చని ఎవడికి తెలీదు? గోడ మీద కుంకుమ బొట్టు చూపించారు. ఎరుపండీ అన్నాను. తర్వాత రెండు పెన్సిళ్ళు తీసి చూపించారు. పెన్సిలుకి పెన్సిలు అనే తప్ప వేరే గుర్తేముంది? "చూశారర్రా, ఆకు చూపిస్తే చెబుతాడు, పెన్సిల్ చూపిస్తే చెప్పడు. ఇది నాటకం" అని, నాటకానికి ఆరు, అబద్ధానికి ఆరు, బెత్తం దెబ్బలు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది దెబ్బలకి కాదు. అడిగేదీ వాళ్ళే, చెప్పింది నమ్మనిదీ వాళ్ళే. అలాంటప్పుడు అడగడం దేనికి?

ఆ ఏడు తొలి వాన పడ్డ రోజున నేను గట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉంటే సన్నాసి మావయ్య వచ్చాడు. పొడుగాటి మనిషి, వేడి బెల్లం చిట్లి పడ్డ మచ్చలు ముంజేతులు రెండింటి నిండా. నా అరచేతులు తిప్పి చూశాడు. ఏమీ అడగలేదు. తన అగ్గిపెట్టెలోంచి మూడు పురుగుల్ని తీసి, నన్ను కళ్ళు మూసుకోమని, గడ్డిలో ఎక్కడో పెట్టి, పక్కన ఆనవాలుగా చిన్న చిన్న పుల్లలు గుచ్చాడు. తర్వాత నాకెదురుగా కూర్చుని నా మొహంలోకి చూశాడు.

"ఇప్పుడు గడ్డిలోకి సూడు. నువ్వేటీ సెప్పక్కర్లేదు. సూత్తా కూకో, సాలు."

నేను చూశాను. ఆయన నా కళ్ళనే చూశాడు. నా చూపు ఎక్కడా ఆగకుండా గడ్డి మీంచి జారిపోతుంటే, పుల్లల దగ్గర కూడా నిలవకపోతే, ఆయన మొహం మెల్లమెల్లగా వాడిపోయింది. కాసేపటికి ఒక పురుగు కదిలింది. నా చూపు టక్కున అక్కడ పడింది. మావయ్య నిట్టూర్చాడు.

"నాలాగే పుట్టినావురా నూకరాజా."

నాకు అర్థం కాలేదు. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. తనకీ పండుమిరప, పచ్చిమిరప ఒకటేనట. పురుగుల్ని ఎప్పుడూ రంగు చూసి పట్టలేదట. వంగి, చెంప నేలకి ఆనించినంత పని చేసి, గడ్డి మీద కదిలే నీడని చూసి పట్టేవాడట. నాకూ అలా వంగి చూడటం నేర్పాడు. ఆ సాయంత్రం నా అగ్గిపెట్టెలో ఏడు పురుగులు. ఇంటికి వచ్చే దారిలో నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇది మనిద్దరి మజ్జినే ఉండాల. బయట పడితే నన్నింక పెనం కాడికి రానివ్వరు. పాకం పని పోతే నాకేటి మిగుల్తాదిరా?"

ఎవరితోనూ చెప్పనని ఇంటికి రాగానే పుస్తకం మీద ఒట్టేశాను. ఆ రోజుల్లో నాకు పుస్తకం కంటే పెద్ద దేవుడు లేడు.

పాకం పని అంటే ఏమిటో ఇప్పటి వాళ్ళకి చెప్పాలి. చెరుకు కోతలు మొదలయ్యాక మా ఊరి చివర అప్పలనాయుడుగారి గానుగ పాకలో మూడు నెలలు పొయ్యి ఆరేది కాదు. ఎండిన చెరుకు పిప్పి మంటలోకి తోస్తూ ఒకడు, రసం మీద తేలే మడ్డిని జల్లిగరిటెతో తీసేస్తూ ఇంకొకడు, మధ్యలో మనిషి పడుకోగలిగేటంత పెనం. చలి పొద్దుల్లో పిల్లలమంతా పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. చిలగడదుంపల్ని తాడుకి కట్టి మరిగే రసంలోకి వేలాడదీసి, ఉడికాక ఊదుకుంటూ తింటే ఆ తీపి గొంతులోంచి దిగి కడుపంతా పరుచుకునేది. ఆ పాకలో పనివాళ్ళందరికీ పెద్ద మావయ్య. రసం పాకానికి వచ్చిన క్షణం చూసి పెనం దించమని చెప్పేది ఆయనే. క్షణం ముందైతే బెల్లం గట్టిపడదు, క్షణం దాటితే నల్లబడి చేదెక్కుతుంది. ఆయన వండిన బెల్లం బంగారంలా ఉంటుందని సంతలో ముందుగా అమ్ముడుపోయేది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా కబురు పెట్టి తీసుకుపోయేవారు.

ఆయన పెనంలోకి తొంగి చూస్తూ నిలబడేవాడు. అందరూ రంగు చూస్తున్నాడనుకునేవారు. ఆయన వినేవాడు. నాకొక్కడికే చెప్పాడు. మొదట రసం బుడబుడమని పెద్ద నోటితో మాట్లాడుతుంది, నీళ్ళు ఇగిరే కొద్దీ గొంతు తగ్గి గుసగుసలాడుతుంది. చివర్న ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయి, వెంటనే చిట్ చిట్‌మని చిన్న బుడగలు పగలడం మొదలవుతాయి. అప్పుడు పుల్లతో కాస్త పాకం తీసి ఇత్తడి గ్లాసులోని చన్నీళ్ళలో వేసి, ఉండ చేసి గ్లాసు అంచుకి కొడితే ఠంగుమనాలి. ఆ ఠంగుతో పాటే "దించండ్రా" అని కేక. నలుగురు మనుషులు కమ్మీలు పట్టుకుని పెనం లేపేసేవారు. రంగు ఎలా వచ్చిందో మావయ్యకి ఎప్పుడూ తెలీదు. అచ్చు పోసిన బెల్లం దిమ్మలు చల్లారాక పక్కవాణ్ణి ఎగతాళిగా అడిగినట్టు, "ఏటిరా, ఎలాగుంది మన బంగారం?" అని అడిగి తెలుసుకునేవాడు.

ఆ గానుగ రోజుల్లోనే బడికి కళ్ళ డాక్టరుగారు జీపులో వచ్చారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, రెప్పలు తిరగేసి, మందు వేసి, చివర్న ఒక పుస్తకం తెరిచారు. పేజీ నిండా చుక్కలు. అంకెలు చదవమంటే అందరూ చదివారు. నా వంతు వచ్చేసరికి మాస్టారు ముందే అందుకున్నారు, వీడి మాట నమ్మకండి, వీడికి నాటకాలెక్కువ అని. డాక్టరుగారు ఆయన వైపు చూడనైనా లేదు. ఇంకో పేజీ తిప్పి, ఈ చుక్కల్లో ఒక దారి ఉంది, దాని మీద వేలు నడిపించు అన్నారు. నా వేలు ఎటూ వెళ్ళక అక్కడే నిలబడిపోయింది.

"ఈ కుర్రాడు అబద్ధం ఆడటం లేదండీ మాస్టారూ. పుట్టుకతోనే వీడి కంటికి ఎరుపూ పచ్చా ఒకటే. తల్లి వైపు నుంచి వస్తుంది. మేనమామల్లో ఎవరికైనా ఉండొచ్చు" అన్నారు.

మాస్టారు "ఓహో, అలాగా" అన్నారు. అంతే. పన్నెండు దెబ్బలకీ కలిపి ఒక్క "అలాగా". నాకు ఆ క్షణంలో అదేమీ పట్టలేదు. నేను అబద్ధాలకోరుని కానని జీపులో వచ్చిన మనిషి పదిమందిలో చెప్పాడు! గంట కొట్టగానే సంచీ ఊపుకుంటూ పరిగెత్తాను. ఎవరికి చెప్పాలి, ముందు ఎవరికి చెప్పాలి అన్న ఆరాటమే తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. దారిలోనే గానుగ పాక.

పాకలో పదిమంది దాకా ఉన్నారు. ఒక వాయి దించి దిమ్మలు పోశారు, రెండోది పెనంలో గుసగుసలాడుతోంది. మావయ్య దాని మీదకి వంగి నిలబడి ఉన్నాడు. మంచం మీద కూర్చున్న అప్పలనాయుడుగారు నన్ను చూసి ఎప్పటిలాగే పలకరించారు.

"ఏరా గుడ్డోడా, బేగి ఒగ్గీసినారేటి బడి?"

"నాను గుడ్డోణ్ణి కాను! అబద్ధాలూ ఆడ్నేదు! డాట్రుగారు సెప్పినారు. ఇది మా అమ్మ కాడ్నించి వచ్చిందంట. మా సన్నాసి మావకీ ఉంది!"

ఉండొచ్చు అన్నారు డాక్టరుగారు. ఉంది అన్నాను నేను.

మావయ్య నా వైపు తిరిగి చూశాడు. కోపంగా కూడా కాదు. నేను అప్పుడు నోరు మూసుకున్నాను, మూసుకోవాల్సిన క్షణం దాటాక. అప్పలనాయుడుగారు నవ్వబోయి ఆగారు. మంచం దిగి, అరుగు మీద ఆరుతున్న దిమ్మల్లోంచి ఒకటీ, మావయ్య లేని రోజున వండగా ఎర్రబారి మూల పడేసిన దిమ్మల్లోంచి ఒకటీ తీసి, రెండూ మావయ్య మొహం ముందు పట్టుకున్నారు.

"ఏటి సన్నాసీ, ఈ గుంటడు ఏటంతన్నాడు? ఇందులో ఎర్రది ఏదో సెప్పు సూద్దాం."

పెనంలో చప్పుడు మారుతోంది. మావయ్య నేర్పిన చెవి నాకుంది కనక నాకూ వినిపించింది. ఊపిరి బిగబట్టినట్టు అయింది.

"బాబూ, ముందు పెనం దించనీండి. తరవాత అడుగుదురు గాని" అన్నాడు మావయ్య.

"మాట తప్పించకు. ఎర్రది ఏది?"

"దించండ్రా!"

కమ్మీల దగ్గరున్న నలుగురూ కదల్లేదు. అప్పలనాయుడుగారి మొహంలోకి చూశారు. ఆయన దిమ్మలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. చిట్ చిట్‌మని బుడగలు పగులుతున్నాయి. "దించండ్రా బాబూ, మీకు దణ్ణవెడతాను" అని మావయ్య తనే ఒక కమ్మీ పట్టుకుని గుంజాడు. ఒక్క మనిషికి లేచే పెనం కాదది. ముందు కమ్మని వాసన పోయింది, తర్వాత గొంతులో గరుకుగా తగిలే వాసన, తర్వాత పొగ. అందరూ దగ్గుతూ ఉరికి దించేసరికి పెనం నిండా తారు.

"సూసినారేటి! కళ్ళు లేనోడి సేతికి పెనం ఇత్తే ఇలాగే అవుతాది" అన్నారు అప్పలనాయుడుగారు.

ఊరు ఆ మాటనే దాచుకుంది. ఎన్నో ఏళ్ళ బంగారం లాంటి బెల్లం ఎవరికీ గుర్తు లేదు, ఆ ఒక్క వాయి మాడు గుర్తుంది. బెల్లం వండింది ఎవరో, మాడ్చింది ఎవరో పాకలో పదిమందీ కళ్ళారా చూశారు. వాళ్ళందరికీ ఎరుపూ పచ్చా బ్రహ్మాండంగా కనిపిస్తాయి మరి! సన్నాసి మావయ్యని మళ్ళీ ఎవరూ పెనం దగ్గరకి పిలవలేదు. పక్క ఊళ్ళ వాళ్ళు కూడా కబురు పెట్టడం మానేశారు. ఆయన చెరుకు నరికే కూలీల్లో కలిసిపోయాడు. గానుగ పాక మీదుగా వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవాడు. మా అమ్మ నాతో చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఒకసారి మాత్రం అన్నం పెడుతూ, "నా తోడబుట్టినోడికీ, నా కడుపున పుట్టినోడికీనా రావాల ఇది" అని గోడకేసి చూస్తూ అంది.

మావయ్య నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మళ్ళీ ఆరుద్ర కార్తె వచ్చి తొలి వాన కురిసిన రోజు, అగ్గిపెట్టె పట్టుకుని గట్టు మీద ఆయన కోసం కూర్చున్నాను. కొడవలి భుజాన వేసుకుని వచ్చాడు, ఆగాడు.

"మావా, పురుగులు..." అన్నాను.

"నీకొచ్చీసింది కదరా. నువ్వే సూసుకో" అని నడిచి వెళ్ళిపోయాడు.

అగ్గిపెట్టె అక్కడే పారేశాను. ఆ తర్వాత ఏ వానకీ గట్టు మీదకు పోలేదు. బడి కూడా ఐదుతో మానేశాను. నర్సీపట్నం వచ్చి సైకిల్ షాపులో చేరి, తర్వాత సొంత షాపు పెట్టుకుని, మధ్యాహ్నాలు లైబ్రరీలో కూర్చుని ఏది దొరికితే అది చదివాను. మా ఇద్దరి జబ్బు గురించి చదవడానికే సగం చదువు నేర్చుకున్నాను. అది జబ్బే కాదని అక్కడే తెలిసింది. ఆ సంగతి మావయ్యకి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. వెళ్ళిన ప్రతిసారీ ఆయన పొలం కబుర్లు అడిగేవాడు, నేను సైకిళ్ళ కబుర్లు చెప్పేవాణ్ణి. ఒక చలికాలం ఆయన పోయాడు. నేను చెప్పనేలేదు.

రైలు నడిపేవాడికి ఎరుపూ పచ్చా తెలియాలి, అందులో నాకు వాదన లేదు. పరీక్ష పెట్టండి. కానీ మనిషిని నిలబెట్టి దిమ్మలు చూపించేవాళ్ళు, ఆ మనిషి చేసిన పనిని కూడా ఒకసారి తీసి చూడాలా వద్దా? ఇవాళ మా ఊళ్ళో గానుగ పాక లేదు, ఆ జాగాలో ఇళ్ళు లేచాయి. మిగిలిన చోట్ల పెనంలో ఏదో తెల్లపొడి చల్లుతున్నారు, రంగు రావాలని. దించే క్షణం తప్పినా పొడి కాపాడుతుంది. కొనేవాళ్ళ కళ్ళకి మెరుస్తుంది, నోట్లో వేసుకుంటే ఉత్త తీపి తప్ప ఏమీ ఉండదు. ఇక వినేవాడితో ఎవరికి పని? ఆరుద్ర పురుగులూ లేవు. పొలాల్లో కొట్టే మందులకి అవెప్పుడో పోయాయి. తరుణ్‌కి ఆ పేరు చెబితే ఫోనులో వెతికి బొమ్మ చూశాడు. బొమ్మలో కూడా అది వాడికి గడ్డిలో కలిసిపోయింది.

ఇందాక తరుణ్ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఇక్కడే ఊళ్ళో రెండేళ్ళుగా కరెంటు పని చేస్తున్నాడు. వైర్లకి కాగితం ముక్కలు అంటించి, అంకెలు రాసుకుని, ఒక్కటి కూడా తప్పు కలపలేదు.

"తాతా, కాగితం ఫ్యాక్టరీ వాళ్ళకి ఇచ్చీమంటావా? వేరే చోట ఇంకేదైనా చూసుకోమంటావా? అమ్మేమో ఇవ్వొద్దంటోంది. నువ్వు చెప్పు."

నాకు చెప్పాలనే ఉంది. ఇచ్చి, పక్కనే నీ పని కూడా చూపించు, వాళ్ళ ఎదుటే వైర్లు కలిపి చూపించు అని. నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"అది నీ సంగతిరా. చెప్పాలో వద్దో నువ్వే తేల్చుకోవాలి. ఇంకొకళ్ళ సంగతి నేనొకసారి చెప్పాను, చాలు" అన్నాను.

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏం చేస్తాడో నాకు తెలీదు. అంతలో వంటింట్లో పాకం గొంతు మారింది. గౌరి ఇంకా ఫోనులోనే ఉంది. ఇక్కడి నుంచే, "దించమ్మా" అన్నాను. ఎందుకని అడగలేదు, తిరిగి చూడలేదు. గిన్నె దించేసిన చప్పుడు వినిపించింది.

ఆ రోజు ఆ పాకలో పదిమంది ఉన్నారు. ఒక్కరైనా ఇలా కదిలి ఉండాల్సింది. నేనూ అక్కడే ఉన్నాను.